బూటుకు పైన, పిక్కకు కింద

మస్కట్‌లో మంచు మీద హాకీ ఆడతారంటే మా ఊళ్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. మాది అనకాపల్లి దగ్గర. ఒకసారి సెలవుకు వెళ్లినప్పుడు మా బావకు అంతా వివరంగా చెప్పాను. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ ఉంటే లోపల పెద్ద హాల్లో నేలంతా గడ్డ కట్టించి ఉంచుతామనీ, దాని మీద బ్లేడ్ల బూట్లు వేసుకుని మనుషులు ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడతారనీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, సరేగాని నువ్వు అక్కడ నిజంగా ఏం పని చేస్తావో చెప్పు అన్నాడు. నిజంగా నేను చేసేది అదే. మంచు కరగకుండా చూడటం, బ్లేడ్లకు సాన పట్టడం.

నేను ఏసీ మెకానిక్‌గా వచ్చాను. మా కంపెనీ క్యాంపు మస్కట్‌లోనే ఘాలా అనే పేటలో, గ్యారేజీల వెనక ఉంటుంది. వచ్చిన రెండో నెలలో మంచు హాల్లో నేలను గడ్డ కట్టించే చిల్లర్ మిషను పాడైందని వారం రోజుల డ్యూటీకి పంపారు. ఆ వారం పదకొండేళ్లయింది. సాన పట్టే పని అక్కడ అంతకు ముందు చేసిన ఫిలిప్పీన్స్ ఆయన ఇంటికి వెళ్లిపోతూ నేర్పాడు. స్కేటు బ్లేడు కూరగాయలు తరిగే కత్తిలా ఉండదు. అడుగున సన్నటి కాలవలా గుంట ఉంటుంది, దానికి అటూ ఇటూ రెండు అంచులు. గుంట ఎంత లోతుగా తీస్తే అంచులు మంచును అంత గట్టిగా పట్టుకుంటాయి. పదును ఎక్కిందో లేదో చూడటానికి బొటనవేలి గోరు మీద అడ్డంగా ఒకసారి గీస్తాం. గోటి మీద తెల్లటి పొడి లేస్తే సరిపోయినట్టు. పదకొండేళ్లలో నా ఎడమ బొటనవేలి గోరు ఏనాడూ నున్నగా లేదు.

నేను చెప్పాలనుకున్నది నా గురించి కాదు. నా రూమ్‌లో పై మంచం మీద పడుకునే అతని గురించి.

అతనిది ప్రొద్దుటూరు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్లు, బయట కడప తెలుగు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. మంచు హాల్లో పడిపోయినవాళ్లను లేపి నిలబెట్టే పనికి వచ్చాడు. వచ్చినరోజు అతనికే నిలబడటం రాలేదు. గోడ పట్టుకుని హాలు చుట్టూ తిరుగుతూ, పడినవాళ్ల దగ్గరికి వెళ్లేసరికి తనూ పడేవాడు. సూపర్‌వైజర్ వారం గడువిచ్చాడు. అతను పొద్దున్నే మొదటి బస్సుకు నాతో పాటు వచ్చి, హాలు తెరవకముందు రెండు గంటలు ఒక్కడే తిరిగేవాడు. వారం కాదు, ఏడేళ్లు అలాగే వచ్చాడు. మధ్యలో మంచు గీకి నీళ్లు పోసి నున్నగా చేసే బండి నడపడం నేర్చుకున్నాడు. బండి పని అయ్యాక మళ్లీ బూట్లు కట్టుకునేవాడు. మూడో ఏడు వచ్చేసరికి అందరూ ముందుకు వెళ్లే వేగం కంటే అతను వెనక్కి వెళ్లే వేగం ఎక్కువ. నేను సాన మిషను దగ్గర కూర్చుని, గది కిటికీ అద్దంలోంచి చూస్తూ పని మర్చిపోయిన రోజులున్నాయి. అంత హాయిగా కదిలే మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

ఆటగాళ్ల జట్టుకు ఒక కోచ్ ఉండేవాడు. అరవై దాటిన మనిషి, మంచు దేశం వాడు. కుర్రతనం నుంచి ముప్ఫై ఆరో ఏడు వరకు జీతానికి హాకీ ఆడి, అందులోనే కాళ్లు పోగొట్టుకున్నవాడు. మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగేవాడు. ఒకరోజు హాల్లో నా సాన గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి తన కాళ్లు చూపించాడు. రెండు మోకాళ్ల మీదా నిలువుగా కోతల మచ్చలు. ఎడమ పాదం మీద ఎముక ఒకటి పైకి లేచి ఉంది. ఈ ఆటలో బంతికి బదులు కొట్టే రబ్బరు బిళ్లకు అడ్డంగా పాదం పెడితే విరిగిన ఎముక అది. ఆ రోజు బూటు విప్పితే మళ్లీ ఎక్కదని విప్పకుండానే ఆట ముగించాడట. వాటి గురించి నవ్వుతూనే చెప్పాడు. కుడి కాలు తిప్పి, మడమకు పైన, పిక్క సన్నబడే చోట అడ్డంగా ఉన్న గీత చూపించినప్పుడు మాత్రం నవ్వలేదు. అది బ్లేడు గీత. తనది తోలు లోతులోనే ఆగింది. తన పక్కన ఆడిన ఇంకొకడికి ఆగలేదు. అతను తర్వాత ఏం చేశాడని అడిగితే, ఆడలేదు అని మాత్రం అన్నాడు.

ఆయన వల్లే నాకు ఈ సామాను గురించి తెలిసింది. హాకీలో కాళ్లకు కట్టే గార్డులు మోకాలి చిప్ప నుంచి బూటు దాకా ముందు వైపు గట్టి ప్లాస్టిక్కుతో ఉంటాయి. రబ్బరు బిళ్ల ముందు నుంచి వస్తుంది కాబట్టి. వెనక వైపు పట్టీలు తప్ప ఏమీ ఉండదు. బూటు చీలమండ దాటి కాస్త పైకి వచ్చి ఆగుతుంది. బూటుకు పైన, పిక్కకు కింద, వెనక వైపు నాలుగు వేళ్లంత చోటు ఉత్త సాక్సుతో ఉంటుంది. పిక్క కండ నుంచి దిగి, మడమను పట్టి నడిపించే లోపలి తాడు అక్కడే ఉంటుంది. కోచ్ తన చేత్తో నా కాలి మీద ఆ చోటు నొక్కి చూపించాడు.

నా మిత్రుడికి సొంత సామాను ఉండేది కాదు. దేశం వదిలి వెళ్లిపోయేవాళ్లు హాల్లో వదిలేసిన వాటిలోంచి నేనే ఏరి ఇచ్చాను. బూట్లు ఒకరివి, హెల్మెట్ ఒకరిది, గార్డులు ఇంకెవరివో. అతను జట్టులో ఆడటం మొదలుపెట్టాక కోచ్ ఒకసారి తన దేశం వెళ్లి వస్తూ అతని కోసం ఒక జత సాక్సులు తెచ్చాడు. బూడిద రంగువి, మోకాళ్ల దాకా వచ్చేవి. కోతకు సులువుగా తెగని దారం కలిపి నేసినవి. వాటిని నా గదికి తెచ్చి, ఒక చెక్క ముక్కకు సాగదీసి తొడిగి, అప్పుడే సాన పట్టిన బ్లేడుతో గీయమన్నాడు. గీశాను. పైన దారాలు లేచాయి, లోపలికి దిగలేదు. మామూలు సాక్సుతో అదే చేస్తే చెక్క మీద గాటు పడింది. దీన్ని వేసుకుంటే తెగదని కాదు, తక్కువ తెగొచ్చు, అంతే అన్నాడు కోచ్. ఇది లేకుండా ఎవరినీ గేటు దాటనివ్వకు అని నాకు చెప్పాడు. ఆ మాట నాకే చెప్పాడు.

పక్క దేశంలో ఆటగాళ్లకు జీతమిచ్చే క్లబ్బు ఒకటుంది. వాళ్లకు సగం రోజు మంచు చూసుకుని, సగం రోజు జట్టుతో ఆడే మనిషి కావాలని తెలిసి కోచ్ ఇతని గురించి రాశాడు. వాళ్లు ఒక శుక్రవారం వచ్చి చూస్తామన్నారు. ఆ కబురు వచ్చిన రోజు నుంచి అతను రూమ్‌లో నిలకడగా కూర్చోలేదు. ప్రొద్దుటూరులో భార్యకు మాత్రం చెప్పలేదు. ముందే చెప్తే ఆ పని కాకుండా పోతుందేమోనని భయం. నాతో మాత్రం ఒకసారి, పై మంచం మీంచి తల వంచి అన్నాడు.

"అన్నా, పడినోళ్లను లేపేదానికి వచ్చినోన్ని. ఆడేదానికి పిలుస్తాండారు సూడు."

శుక్రవారానికి ముందు రోజు, గురువారం పొద్దున ఆఖరి ప్రాక్టీసు. దానికి ముందు సాయంత్రం జట్టు బట్టలు ఉతకడం నా వంతు. మిషన్లో వేసి తిప్పాను. అంతలో కంప్రెసర్ ఆగిపోయింది. దాని వెనక పడి, బట్టల సంగతి మర్చిపోయి ఆఖరి బస్సు ఎక్కేశాను. పొద్దున వచ్చి చూస్తే అన్నీ డ్రమ్ములో తడిగా ముద్దయి ఉన్నాయి. ఆ పొద్దున నాకు పని కూడా ఎక్కువగా ఉంది. నలుగురు ఆటగాళ్లు బ్లేడ్లు తెచ్చి పెట్టారు. వాళ్లలో ఒకాయన ఆయిల్ కంపెనీ ఇంజనీరు, ఆరడుగుల పైన ఉంటాడు, గుంట ఇంకొంచెం లోతుగా తీయమని అడిగాడు. తీశాను. గోటి మీద గీసి చూసుకున్నాను. పొడి బాగా లేచింది.

అప్పుడు నా మిత్రుడు వచ్చాడు.

"అన్నా, నా సాక్సులు యాడుండాయి?"

"తడిగా ఉన్నాయిరా. నిన్న డ్రమ్ములోనే వదిలేసినాను."

అతను వాటిని పైకి తీసి పిండాడు. నీళ్లు కారాయి. తడి సాక్సుతో బూటు కడితే పాదం జారుతుంది, బొబ్బలెక్కుతాయి. మర్నాడు ఆడాల్సినవాడు బొబ్బలతో ఎలా ఆడతాడు? అతను సాక్సులు చేత్తో పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. నేను బ్లేడు మీంచి తల ఎత్తకుండానే అన్నాను.

"ఈ ఒక్క పూటకి ఏటీ అవదులే. ప్రాక్టీసే కదా."

అతను సంచిలోంచి నూలు సాక్సులు తీసి వేసుకున్నాడు. కోచ్ ఎప్పుడూ గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి కాళ్లు వంగి చూసేవాడు. ఆ పొద్దున క్లబ్బువాళ్లు ఫోన్‌లో ఉన్నారు. మర్నాడు రావాల్సిన దారి అడుగుతున్నారు. కోచ్ అటు తిరిగి వాళ్లతో మాట్లాడుతూ చేత్తో అందరినీ లోపలికి పొమ్మన్నాడు.

ప్రాక్టీసు మొదలై అరగంట కాలేదు. మూలలో ఇద్దరు బిళ్ల కోసం గోడకు తగిలి పడ్డారు. కింద నా మిత్రుడు బోర్లా, వెనక ఇంజనీరు. పడటంలో ఇంజనీరు కాలు గాల్లోకి లేచి దిగింది. నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. అలాంటి పడటాలు రోజూ వంద చూస్తాం. ఇంజనీరు లేచాడు. అతను కూడా లేవబోయాడు. ఒక మోకాలు ఆనించి, రెండో పాదం కింద పెట్టి బరువు వేశాడు. ఆ పాదం అతని మాట వినలేదు. తనది కానట్టు పక్కకు వాలిపోయింది. అతను ఆశ్చర్యంగా వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఎవరో వెనక నుంచి కర్రతో కొట్టారనుకున్నానని తర్వాత చెప్పాడు. అప్పటికి మంచు మీద ఎరుపు పరుచుకుంటోంది.

కోచ్ బ్లేడ్ల బూట్లు కూడా లేకుండా, ఆ పాడైన మోకాళ్లతో మంచు మీద పరుగెత్తాడు. రెండుసార్లు పడ్డాడు. తువ్వాలు చుట్టి రెండు చేతులతో నొక్కి పట్టుకుని, అంబులెన్స్ వచ్చేదాకా వదల్లేదు. అతని తల నా ఒళ్లో ఉంది. నొప్పి ఉందా అని అడిగితే లేదన్నాడు. నొప్పి లేదు, కానీ పాదం చల్లగా ఉంది, కప్పమని చెప్పు అన్నాడు. నా చొక్కా విప్పి కప్పాను. పాదం తెల్లగా ఉంది. కప్పినా అతనికి తెలియలేదు.

అంబులెన్స్ వెళ్లాక కోచ్, ఇంజనీరు వెనకే వెళ్లారు. నన్ను సూపర్‌వైజర్ ఆపాడు. రెండు గంటలకు జనం వస్తారు, మంచు బాగు చేయాలి. బండి నడిపే మనిషి ఆసుపత్రికి పోయాడు. బండి నడపడం వచ్చిన రెండోవాణ్ణి నేను. రక్తం మంచు మీద ఆరదు, లోపలికి దిగి అక్కడే గడ్డ కడుతుంది. బండితో గీకితే పోలేదు. వేడినీళ్లు పోసి, మోకాళ్ల మీద కూర్చుని చేతి గీకుడు రేకుతో చెక్కాను. తోడి బకెట్లో వేశాను. గులాబీ రంగు పొడి బకెట్ సగానికి వచ్చింది. ఆ గుంట నిండేలా మళ్లీ నీళ్లు పోసి, గడ్డ కట్టాక బండి తిప్పాను. రెండు గంటలకు తలుపులు తెరిచారు. ఏ మూల జరిగిందో ఎవరికీ తెలియదు. నేను సాన గదిలోకి వచ్చి కూర్చుంటే, ఇంజనీరు బూట్లు గుమ్మం దగ్గర విప్పి పడేసి ఉన్నాయి. నేను పొద్దున పట్టిన పదును ఇంకా అలాగే ఉంది.

ఆసుపత్రిలో కేరళ నర్సు నాకు హిందీలో వివరించింది. మడమ వెనక తాడు పూర్తిగా తెగింది. దాంతో పాటు లోపలి వైపు రక్తనాళం, అరికాలికి స్పర్శ తెచ్చే నరం కూడా తెగాయి. తాడును కుట్టారు. నరం కూడా కుట్టారు కానీ అది ఎంతవరకు కలుస్తుందో చెప్పలేమన్నారు. అతని కాలికి పాదం కిందకు వాలి ఉండేలా కట్టు వేశారు. నిద్రమత్తులో ఉన్నాడు. శుక్రవారం పొద్దున మెలకువ వచ్చి మొదట అడిగింది, వాళ్లు వచ్చినారా అని. వచ్చారు. కోచ్ వాళ్లకు ఉన్నదంతా చెప్పాడు. హాలు చూసి, టీ తాగి, సాయంత్రం విమానానికి వెళ్లిపోయారు.

పది రోజులకు రూమ్‌కు తెచ్చాం. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నా వీపు మీద ఎక్కించుకుని మెట్లెక్కాను. కింది మంచం అతనికిచ్చి నేను పైకి మారాను. మొదట్లో నేను డ్యూటీ నుంచి రాగానే మంచు ఎలా ఉంది, బండి ఎవరు నడుపుతున్నారు, మూలల్లో సరిగా తిప్పుతున్నారా అని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. ఆ మూల గురించి మాత్రం చెప్పేవాణ్ణి కాదు. కొన్ని వారాలకు అడగడం మానేశాడు. కుర్చీలో కూర్చుని నమాజు చేసుకునేవాడు. తల వంచినవాడు చాలాసేపు ఎత్తేవాడు కాదు.

సాక్సుల సంగతి నేను కోచ్‌కు చెప్పాను. ఇద్దరం సాన గదిలో ఉన్నాం. నేను మర్చిపోవడం, తడిగా ఉండటం, నేనన్న మాట అన్నీ చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన కింద కూర్చుని తన బూటు తాళ్లు విప్పుకున్నాడు.  నేను రోజూ కాళ్లు చూస్తాను, ఆ రోజు చూడలేదు అన్నాడు. ఆ సాక్సు ఉంటే తాడు తెగేది కాదా అని అడిగాను.

"తెలియదు. అంత బరువు పడితే ఆ సాక్సు కూడా తెగొచ్చు. సగంలో ఆగొచ్చు. నీకూ నాకూ ఎప్పటికీ తెలియదు."

ఆయన నన్ను ఓదార్చలేదు. నేను ఓదార్పు కోసమే వెళ్లానని ఆయన ఆ మాట అన్నాకే నాకు అర్థమైంది. ఇంజనీరు మళ్లీ హాలుకు రాలేదు. ఒకసారి క్యాంపుకు వచ్చి, నా మిత్రుడి మంచం పక్కన కూర్చుని ఏడ్చి వెళ్లాడు. పాపం పెద్దాయన, ఆయన చేసిందేముంది అన్నాడు అతను. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

కట్టు తీసి, ఎత్తు మడమ బూటు వేసి, నెలకు కొంచెం చొప్పున ఆ ఎత్తు తగ్గించారు. నాలుగు నెలలకు కర్రతో నడిచాడు. తాడు కలిసింది. నరం కలవలేదు. ఆ అరికాలి కింద నేల ఉందో లేదో అతనికి తెలిసేది కాదు. చూస్తే తప్ప పాదం ఎక్కడ పడిందో తెలిసేది కాదు. మంచు మీద ఇక నిలబడలేడని కంపెనీ ఘాలాలోనే గోడౌన్లో కూర్చుని చేసే పని ఇచ్చింది. వచ్చిన పెట్టెల మీద అంకెలు రాసుకోవడం. ఆసుపత్రిలో అతనికి ఒక కాగితం ఇచ్చారు. చెప్పులు లేకుండా నడవకూడదు, రోజూ అద్దం పెట్టి అరికాలు చూసుకోవాలి. ఆ కాగితం గోడకు అంటించుకున్నాడు.

జూన్ నెల. నన్ను మస్కట్‌కు దూరంగా సమాయిల్ అనే ఊళ్లో ఖర్జూరాల కోల్డ్ రూమ్ బాగు చేయడానికి నాలుగు రోజులు పంపారు. శుక్రవారం మధ్యాహ్నం అతను నమాజుకు వెళ్లాడు. క్యాంపు దగ్గరి మసీదు చిన్నది. జనం ఎక్కువై బయట రోడ్డు దాకా చాపలు పరిచారు. నమాజు అయి లేచేసరికి అతని చెప్పులు కనబడలేదు. ఎవరో పొరపాటున వేసుకుపోయారు. వెతుక్కుంటూ ఆ తారు మీద ఒక ముప్ఫై నలభై అడుగులు తిరిగాడు. మంచి కాలు కాలిపోతుంటే, దాన్ని పైకెత్తి, బరువంతా దెబ్బ తిన్న కాలి మీద వేసి నిలబడ్డాడు. ఆ కాలికి మంట లేదు కాబట్టి అదే నయమనుకున్నాడు. అలా నిలబడి చుట్టూ చూశాడు. ఎవరో తమ చెప్పులిస్తే వేసుకుని రూమ్‌కు వచ్చాడు. సాయంత్రం ఆ కాలికి ఎప్పుడూ వేసుకుని ఉండే సాక్సు విప్పితే అరికాలి చర్మం సాక్సుతో పాటు వచ్చింది.

నేను సమాయిల్ నుంచి తిరిగి వచ్చేసరికి అతను మళ్లీ ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ పాదానికి రక్తం కూడా ముందులా వెళ్లడం లేదు కదా, పుండు మానలేదు. చీము పట్టింది. ఒక వేలు తీశారు, తర్వాత ఇంకోటి. అతను కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. డాక్టరు చెప్పేది వింటూ తల ఊపుతున్నాడు. నన్ను చూడలేదు. అప్పటిదాకా నాలో ఏదో మూల, నడుస్తున్నాడు కదా, బతుకు గడుస్తుంది కదా అన్న ధైర్యం ఉండేది. అది ఆ మధ్యాహ్నం పోయింది. ఆ పాదానికి స్పర్శ ఉంటే మూడో అడుగుకే గెంతి నీడలోకి పోయేవాడు. స్పర్శ పోయింది ఏ పొద్దున? నేను తల ఎత్తకుండా మాటన్న పొద్దున. ఎటు తిప్పి ఆలోచించినా అక్కడికే వచ్చేది.

ఇంటికి పోతానని అతనే అడిగాడు. కంపెనీలో వీసా పనులు చూసే మందూబ్ కాగితాలు సిద్ధం చేసి తెచ్చాడు. వెళ్లే రోజు పొద్దున అతని సామాను నేనే సర్దాను. ఒక సూట్‌కేసు, ఒక సంచి. హాకీ సామాను ఏదీ తీసుకుపోనన్నాడు. రూమ్‌లో ఇద్దరమే ఉన్నాం, మిగతావాళ్లు డ్యూటీకి పోయారు. నేను అతని మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పాను. ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది, నన్ను క్షమించమని అడగటానికి కూడా నోరు రావడం లేదు అన్నాను. అతను సూట్‌కేసు జిప్పు సగం లాగి ఆగాడు.

"నువ్వు అన్న మాట నాకు గుర్తుండాది న్నా. మర్సిపోలే."

జిప్పు చివరిదాకా లాగాడు.

"నేను సిన్నపిల్లోన్ని కాదు గదా. అర్ధగంట ఆగి ఆరబెట్టుకోని ఏసుకోవచ్చు. ఆగలే. ఎవురన్నా ఏం కాదు అంటే బాగుండు అనుకోని నిలబడుంటి. నువ్వు అంటివి."

అతను నన్ను క్షమించాడో, నింద వేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాటను ఎన్నోసార్లు లోపల తిప్పి తిప్పి చూశాను. కొన్ని రోజులు క్షమించినట్టే ఉంటుంది. కొన్ని రోజులు చివరి రెండు మాటలే వినబడతాయి. ఆ రోజు అడగాల్సింది. అడగలేదు. కింద కారు హారన్ కొట్టారు. అతన్ని మళ్లీ వీపు మీద ఎక్కించుకుని మెట్లు దిగాను. బరువు బాగా తగ్గిపోయాడు. ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వాళ్లు తోసుకుపోయారు. లోపలికి వెళ్లేదాకా చూశాను.

ఆ ఏడాదే కోచ్ కూడా వెళ్లిపోయాడు. మోకాళ్లు మార్పించుకోవాలన్నాడు, మళ్లీ వస్తానన్నాడు, రాలేదు. జట్టుకు కొత్త కోచ్ వచ్చాడు. నేను గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి కాళ్లు వంగి చూస్తాను. ఉత్త సాక్సులతో ఉన్నవాణ్ణి లోపలికి పోనివ్వను. కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. ఒకరు సూపర్‌వైజర్‌కు ఫిర్యాదు కూడా చేశారు, సాన పట్టేవాడికి ఇదంతా ఎందుకని. దీనివల్ల నా లోపల ఏమైనా తేలికవుతుందా అంటే, లేదు. చూసిన ప్రతి కాలూ చూడని ఆ ఒక్క కాలి దగ్గరికే తీసుకుపోతుంది. ఉద్యోగం మారదామని రెండుసార్లు దరఖాస్తు రాసి చించేశాను. ఇక్కడి నుంచి పోయినా ఏం మారుతుంది? చేతులు నావే కదా.

అతను మొదట్లో వారానికోసారి ఫోన్ చేసేవాడు. తర్వాత నెలకోసారి. తర్వాత నేను చేస్తేనే ఎత్తేవాడు. పోయిన ఏడాది అతని అన్న ఫోన్ చేసి, పుండు పైకి పాకిందనీ, కర్నూలులో మోకాలి కింద నుంచి కాలు తీసేశారనీ చెప్పాడు. తమ్ముడు మీకు చెప్పొద్దన్నాడు, అయినా చెప్తున్నాను అన్నాడు. అన్నకు బట్టల కొట్టు ఉంది. ఇప్పుడు అందులో కూర్చుంటున్నాడట.

రెండు వారాలు ఆగి నేను ఫోన్ చేశాను. ఏమీ తెలియనట్టే మాట్లాడాను. అతను కూడా ఏమీ జరగనట్టే మాట్లాడాడు. ఈసారి వానలు బాగా పడ్డాయన్నాడు. కొట్టుకు కొత్త రకం చీరలు వచ్చాయన్నాడు. మీ ఆవిడకు ఏ రంగు ఇష్టమో చెప్పు, పంపిస్తా అన్నాడు. పచ్చ రంగు అన్నాను. ఆరోగ్యం ఎలా ఉందని అడిగాను. బాగుండా అన్నాడు.  అటు వైపు ఎవరో అతన్ని పిలిచారు, కొట్టులో బేరం వచ్చినట్టుంది.

"మళ్ల జేస్తాలే న్నా" అన్నాడు.

అది రంజాన్‌కు ముందు మాట. ఇప్పటిదాకా చేయలేదు. నేనూ చేయలేదు.